ఒడ్డు చేరని పడవ పాట

ఆ రోజు పొద్దున మాస్టారు వేసుకున్న లెక్కలో విగ్గు లేదు. కోటు దగ్గరుండి ఇస్త్రీ చేయించుకోవాలి, పెందలాడే హాలుకి వెళ్లి బృందం చేత ఆఖరి రిహార్సలు చేయించాలి, మధ్యాహ్నం ఇంటికొచ్చి ఓ కునుకు తీయాలి, సాయంత్రం మాట పడకుండా కచేరీ నడిపించాలి. ఆయన అనుకున్నది ఇంతే. మనిషి ఇంత తక్కువ అనుకున్న రోజునే దేవుడికి తీరిక దొరుకుతుంది.

నిజానికి అది ఆషామాషీ కచేరీ కాదు. మాస్టారి ఆర్కెస్ట్రా ఆ హాలులో ఏళ్ల తరబడి వారం వారం వాయిస్తోంది. కొంత లలిత శాస్త్రీయం, కొంత జనం నోళ్లలో నానిన పాత పాటలు, చివర్లో కుర్రకారు కోసం రెండు హుషారు పాటలు. ఇంతకాలం లేనిది, ఈమధ్య హాలు యజమానురాలికి వాళ్ల వాద్యం మీద మనసు విరిగింది. బాల్కనీ మధ్యలో తన కుర్చీలో కూర్చుని ఆఖరి పాట దాకా కదలని పెద్దావిడ, ఇప్పుడు సగంలోనే లేచి వెళ్లిపోతోంది. ఆ తర్వాత ఒక రోజు హాలు వెనక నడవాలో నిలువెత్తు చెక్కపెట్టె దిగింది. అందులో పాటలు వాయించే యంత్రమూ, దాని స్పీకర్లూ ఉన్నాయి. వాద్యాలు మోసుకొచ్చేవాళ్లంతా ఆ పెట్టె పక్కనుంచి ఒత్తిగిలి నడవాల్సి వచ్చేది.

"శనివారం అమ్మగారు వచ్చి వింటారు. నచ్చితే మీరుంటారు. నచ్చకపోతే సోమవారం ఆ పెట్టె తెరుస్తాం," అని మేనేజరు చెప్పాడు. అతను చెడ్డవాడేం కాదు. ఏ కబురైనా రైలు వేళలు చదివినట్టు చదువుతాడు, అంతే.

బృందంలో సగం మందికి ఇది తప్ప వేరే పని రాదు. ట్రంపెట్ వాయించే బాబాయి వయసు వేరే చోట ఉద్యోగం అడిగే వయసు కాదు. డ్రమ్ములతనికి ఇంట్లో కవల పిల్లలు. ఇక మాస్టారి ఇంట్లో సంపాదించే ఇద్దరూ ఒకే స్టేజీ మీద ఉన్నారు. ఆయన భార్యే బృందంలో మొదటి వయొలిన్. స్టేజీ మీద అందరికీ ఆవిడ వదినగారు.

ఇస్త్రీ కొట్టు దగ్గర కోటు కోసం నిలబడ్డప్పుడు మాస్టారు ఎదురు గోడ మీద పోస్టరు చూశారు. ఆ సాయంత్రం కచేరీదే. బృందం మొత్తం నిలబడి దిగిన ఫొటో. ముందు వరసలో నడుమ మాస్టారు ఉన్నారు. కనుబొమల దాకా ఉన్నారు. ఆ పైన లేరు. కనుబొమల మీదుగా శుభ్రంగా కోసేసి, అక్కడ హాలు పేరు లావుపాటి అక్షరాలతో అచ్చేశారు.

"అది మీరేనా అండీ?" అన్నాడు ఇస్త్రీ అతను.

"ఎలా గుర్తుపట్టావు?"

"మీసం చూసి."

మాస్టారికి చెప్పుకోదగ్గ బట్టతల ఉంది. చెవుల మీద తప్ప ఎక్కడా గడ్డిపోచ లేదు. దాని గురించి ఆయన ఏనాడూ చింతపడలేదు. కానీ ఆ మధ్య ఒక రిహార్సల్లో బాబాయి ట్రంపెట్ దించి, "మాస్టారూ, ఏమనుకోకండి. పై లైటు మీ తల మీద పడి నా కళ్లలోకి కొడుతోంది. కాగితం కనబడ్డం లేదు," అన్నాడు. అందరూ నవ్వారు. మాస్టారూ నవ్వారు. ఇంటికి వెళ్లాక మాత్రం నవ్వలేకపోయారు. ఆ వారం నుంచి స్టేజీ ఎక్కే ముందు తలకి దట్టంగా పౌడరు అద్దుకోవడం మొదలుపెట్టారు.

ఇప్పుడు ఈ పోస్టరు. పెద్దావిడ మనసు విరగడం, మేనేజరు సోమవారం గడువు పెట్టడం, చివరికి ఫొటోలో తల ఎగరగొట్టడం, అన్నీ కలిపి మాస్టారు ఒక్క కూడిక వేశారు. వాళ్లకి విసుగు పుట్టింది సంగీతం మీద కాదు, ముసలి వాలకం మీద. ఆయన కూడిక మీద ఆయనకి ఎప్పుడూ అనుమానం రాదు. హాలుకి వెళ్లాల్సిన మనిషి సందు తిరిగి బావమరిది కొట్టుకి వెళ్లారు.

బావమరిది నాటకాలవాళ్లకి మేకప్పు సామాను అద్దెకిస్తాడు. కొట్టు నిండా కిరీటాలు, గడ్డాలు, కొక్కేలకి వేలాడే విగ్గులు. సంగతి విని అతను బావగారి తల చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు.

"అక్కకి తెలుసా?"

"తెలిస్తే ఇక్కడికి ఎందుకొస్తాను?"

"సరే. ఇదిగో, ఇది యువరాజుది. భుజాల దాకా ఉంటుంది. కత్తిరిస్తే గుమాస్తాది అవుతుంది."

"అందులో సగం చాలు."

కత్తిరించాడు. బంక పూసి అతికించాడు. అద్దంలో ఒక నల్లజుట్టాయన కనిపించి మాస్టారిని నోరు తెరుచుకుని చూశాడు. మాస్టారికి ఆ మనిషి మహా నచ్చాడు.

"బంక ఆరేదాకా నవ్వకూడదు బావా. నుదురు ముడేయకూడదు," అన్నాడు బావమరిది.

"రిహార్సలుంది కదరా."

"నుదురు ముడేయకుండా రిహార్సలు చేయించగలవా నువ్వు?"

చేయించలేరు. ఆ సంగతి బృందమంతటికీ తెలుసు. మాస్టారు భార్యకి ఫోన్ చేశారు.

"రిహార్సలు నువ్వు చూసుకో. నేను సరాసరి స్టేజీ మీదకే వస్తాను."

"ఇవాళ్టి రోజున ఏమిటండీ ఇది? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది."

"గొంతు తేడాగా ఉందే."

"పడుకుని మాట్లాడుతున్నాను," అన్నారు మాస్టారు, నుదురు కదలకుండా.

సాయంత్రం బయలుదేరేటప్పుడు బావమరిది గుమ్మం దాకా వచ్చాడు. "ఒక్క మాట బావా. ఇది నాటకాల బంక. మావాళ్లు ఓ సీను ఆడి లోపలికి వచ్చేస్తారు. నువ్వు లైట్ల కింద అలా నిలబడే ఉంటావు. వేడికి మెత్తబడితే మెత్తబడొచ్చు."

"మెత్తబడితే?"

"ఓ చెయ్యి దగ్గర పెట్టుకో."

ఆ సలహా ఇచ్చినవాడు నాటకాలవాడు కనుక అతనికి ఆర్కెస్ట్రా సంజ్ఞలు తెలియవు. పుచ్చుకున్నాయనకి బాగా తెలుసు. కానీ ఆయన బుర్ర ఇంకా అద్దంలోనే ఉండిపోయింది.

ఆ సంజ్ఞల సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. జనం వన్స్ మోర్ అని అరిచినప్పుడు వాద్యం ఆపి మాట్లాడడం కుదరదు కనుక, మాస్టారు చేతులతో చెప్పే పద్ధతి పెట్టారు. అరచెయ్యి తల మీద పెడితే పాట మళ్లీ మొదటి నుంచి. పిడికిలి బిగిస్తే చివరికి వచ్చి ఆపెయ్యాలి. ఒక చెయ్యి తల మీద, ఇంకోటి పిడికిలి అయితే మళ్లీ మొదటి నుంచే, కాకపోతే రెట్టింపు వేగంతో. ఈ మూడోది కుర్రకారు కోసం ఆయనే ముచ్చటపడి కనిపెట్టారు.

కిందటి వారం మాస్టారు తల మీద చెయ్యి పెడితే, డ్రమ్ములతను దురద అనుకుని పాట ముగించేశాడు. ఆ తర్వాత జరిగిన అక్షింతల కార్యక్రమం పాట కంటే పొడుగైంది.

"నా చెయ్యి నా తల మీదకి ఊరికే రాదు," అన్నారు మాస్టారు అందరి ముందూ. "వచ్చిందంటే అది సంజ్ఞే. నేను అక్కడ తల పట్టుకుని కూలబడ్డా సరే, ముందు పాట మొదటి నుంచి వాయించండి. ఆ తర్వాత డాక్టర్‌ని పిలవండి."

డ్రమ్ములతను ఆ మాట గుండె మీద రాసుకున్నాడు.

హాలు నిండింది. బాల్కనీలో పెద్దావిడ చేతికర్ర ఆనించుకుని కూర్చుంది. మేనేజరు స్టేజీ పక్కన తెర తాడు దగ్గర నిలబడి గోళ్లు కొరుకుతున్నాడు. లైట్లు వెలిగాక, ఎవరూ పలకరించే వీలు లేకుండా చూసుకుని, మాస్టారు పక్క తలుపు లోంచి గబగబా వచ్చి తన చోట నిలబడ్డారు.

బృందం బిగుసుకుపోయింది. నల్లజుట్టుతో ఎవరో కొత్తాయన. మాస్టారిని తీసేసి మేనేజరు వేరే మనిషిని పెట్టేశాడని డ్రమ్ములతను అనుకున్నాడు. బాబాయి అయితే లేచి నిలబడి నమస్కారం కూడా పెట్టాడు. వదినగారు మాత్రం కోటు రెండో గుండీ చూసింది. అది తాను వేరే రంగు దారంతో కుట్టిన గుండీ. అక్కడి నుంచి నెమ్మదిగా పైకి చూసింది. ఆవిడ మొహంలో అప్పుడు కనిపించినదాన్ని ఆశ్చర్యం అనడం పెద్దమనిషి తరహా.

మాస్టారు జనానికి వీపు పెట్టి, వాద్యాల్ని నడిపే చిన్న కర్ర ఎత్తారు. ఆ ఎత్తే తీరు చూసి ఆయనేనని బృందమంతా గుర్తుపట్టింది. మొదటి అంశం పడవ పాట. అందరికీ తెలిసిన పాత పాట. తెడ్లు వేసినట్టు నెమ్మదిగా మొదలై, నడిమధ్య వడి అందుకుని, చివర్లో ట్రంపెట్ మీద ఒక పొడుగాటి కూతతో ఒడ్డు చేరుతుంది. ఆ కూత కాగానే తేనెగొంతు అని పేరున్న గాయకుడు వచ్చి రెండో పాట ఎత్తుకోవాలి.

పాట హాయిగా సాగింది. పడవ నడిమధ్యకి వచ్చేసరికి మాస్టారికి చెవి పైన ఏదో కదిలినట్టయింది. లైట్ల వేడికి బంక కరుగుతోంది. బాబాయి కూతకి ఊపిరి పీల్చుకున్న సరిగ్గా ఆ క్షణాన విగ్గు ఎడమ పక్కకి జారింది. మాస్టారి ఎడమ చెయ్యి దానంతట అదే వెళ్లి తల మీద వాలింది.

బృందం చూసింది. కూత పూర్తి కాగానే వయొలిన్లు మళ్లీ తెడ్లు అందుకున్నాయి.

మాస్టారు ఉలిక్కిపడ్డారు. పొద్దున రిహార్సల్లో భార్య సొంత తెలివి ఉపయోగించి పాటని రెండుసార్లు చేసిందని అనుకున్నారు. ఆవిడ వైపు ఉరిమి చూశారు. ఈయన అడిగిందే చేస్తుంటే ఈ చూపులేమిటని ఆవిడ కూడా తిరిగి ఉరిమింది. ఇంట్లో అయితే ఇది మరో పూట దాకా నడిచేది. స్టేజీ మీద కనుక వాద్యం నడిచింది. ఈలోగా మైకు దాకా వచ్చి వంగి దండం పెట్టిన తేనెగొంతు, అలాగే వంగి వెనక్కి నడిచాడు.

రెండోసారి కూత దగ్గరికి వచ్చారు. ఈసారి విగ్గు ముందుకి జారి కనుబొమల మీద కూర్చుంది. మాస్టారు పైకి తోసి, గట్టిగా అదిమి పట్టుకున్నారు. వేళ్లకి బంక జిడ్డుగా తగిలింది. పడవ మళ్లీ బయలుదేరింది. అప్పుడు అర్థమైంది మాస్టారికి.

చెయ్యి తీస్తే పాట ఆగుతుంది. చెయ్యి తీస్తే విగ్గు కూడా రాలుతుంది. బాల్కనీలో పెద్దావిడ ఎదురుగా, ఈ బృందం ఉండాలా పోవాలా అని ఆవిడ తేల్చే సాయంత్రం, తన జుట్టు పండులా రాలడం మాస్టారు ఊహించుకోలేకపోయారు. చెయ్యి మార్చి చూశారు. ఏ చెయ్యి అయినా తల తలే. పడవ ఇంకోసారి తిరిగింది.

ముందు వరసలో కునుకు తీస్తున్న ఒకాయన మేలుకుని, "ఎంతసేపు పడుకున్నాను?" అని భార్యని అడిగాడు.

"అసలు పడుకోలేదేమో. ఇంకా మొదటి పాటే," అంది ఆవిడ.

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. బాబాయి పెదాలు వాచిపోయాయి. కూత రాగానే చిన్న పిల్లాడు మందు మింగినట్టు కళ్లు మూసుకుని ఊదుతున్నాడు. తేనెగొంతు మైకు దాకా రావడం, దండం పెట్టడం, వెళ్లడం చూసి జనం అతనికి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. ఒక్క చరణం పాడకుండా అంత మెప్పు పొందిన గాయకుడు మరొకడు లేడు. చివరికి అతను వెళ్లడం మానేసి స్టేజీ అంచున ఒక డ్రమ్ము పెట్టె మీద కూర్చున్నాడు.

డ్రమ్ములతను బాబాయి వైపు వంగి, "డాక్టర్‌ని ఇప్పుడే పిలవాలా, పాట అయ్యాకనా?" అని అడిగాడు.

"పాట అయ్యాకనే అన్నారు," అన్నాడు బాబాయి, రెండు ఊపిరుల మధ్య. "నన్ను కూడా చూపించు."

స్టేజీ పక్కన మేనేజరు మొహం కందగడ్డ అయింది. అతనికి సంగతి తేటతెల్లంగా అర్థమైంది, అంటే తప్పుగా అర్థమైంది. ఆ చెక్కపెట్టె మీద కసితోనే మాస్టారు ఇలా చేస్తున్నాడు. యంత్రం చెడిపోతే ఒకే పాట తిరుగుతూ ఉంటుందని నలుగురిలో వెక్కిరిస్తున్నాడు. పైగా మారువేషం ఒకటి. మేనేజరు తెర తాడు చేతికి చుట్టుకుని, సైగ కోసం బాల్కనీ వైపు చూశాడు. పెద్దావిడ సైగ చేయలేదు. కుర్చీలో ముందుకి వంగి, కళ్లు చికిలించి, స్టేజీని వెతుకుతున్నట్టు చూస్తోంది. అమ్మగారి కోపం నషాళానికి అంటిందని మేనేజరు తాడు బిగించాడు.

మాస్టారికి ఒక్కటే దారి తోచింది. ఎడమ చెయ్యి విగ్గు మీద ఉంచి, కుడి చేతిని పైకెత్తి, కర్రతో సహా పిడికిలి బిగించారు. ఆపమని. ప్రాణం పోయినా సరే ఆపమని.

ఒక చెయ్యి తల మీద, ఇంకోటి పిడికిలి. బృందం మొహాలు పాలిపోయాయి. అయినా మాట అంటే మాటే. పడవ రెట్టింపు వేగంతో బయలుదేరింది.

అది తెడ్లు వేసి నడిపే పాట. దాన్ని ఆ వేగంతో వాయించాలని పాట కట్టినవాడు కలలో కూడా అనుకుని ఉండడు. వయొలిన్ల చేతులు కనబడడం మానేశాయి. డ్రమ్ములతను పళ్లు బిగించి కవల పిల్లల్ని తలుచుకున్నాడు. వదినగారి వయొలిన్ మీద ఒక తీగ టప్పున తెగింది. ఆవిడ మిగిలినవాటితోనే వాయిస్తూ, మాస్టారి పక్కకి ఒరిగి, విగ్గు కింద నుంచి కారుతున్న బంకని చూసింది. మొత్తం కథ ఆవిడకి అర్థమైపోయింది.

"చెయ్యి తియ్యండి," అంది పెదాల మధ్య నుంచి.

"తీస్తే ఊడుతుంది."

"ఊడనివ్వండి."

"అమ్మగారు చూస్తే పెట్టె తెరిపిస్తారే."

"ఇలాగే ఉంటే ఆ పెట్టెలో మనల్ని పెట్టి పంపిస్తారు." తీగల మీద ఆవిడ కమాను ఆగలేదు. "ఇన్నేళ్లూ ఆ తల చూసే కదండీ మేమంతా వాయించాం. మాకు లేని సిగ్గు మీకెందుకు?"

మాస్టారు బృందాన్ని చూశారు. వాచిన పెదాల బాబాయి, నోరు వెళ్లబెట్టి డ్రమ్ములు మోదుతున్న అతను, తెగిన తీగతో భార్య. తాను పెట్టిన నియమాన్ని కాదనలేక ఇంతమంది తన జుట్టు కోసం చస్తున్నారు. అదీ తన జుట్టు కాదు, యువరాజుది. ఆయనకి తన మీద తనకే అసహ్యం వేసింది.

చెయ్యి తీశారు. కరిగిన బంక పుణ్యమా అని విగ్గు అరచేతికే అంటుకుని చెయ్యితో పాటే లేచి వచ్చింది. మాస్టారు ఆ చేతిని అందరికీ కనబడేలా పైకెత్తి, జుట్టుతో సహా పిడికిలి బిగించారు.

ఇంత స్పష్టమైన సంజ్ఞ ఆ బృందం జన్మలో చూడలేదు. బాబాయి ఉన్న ఊపిరంతా పెట్టి ఆఖరి కూత కూశాడు. పడవ ఒడ్డు చేరింది.

పై లైటు తిన్నగా మాస్టారి తల మీద పడింది. ఆ రోజు పౌడరు లేదు. చెమటా బంకా కలిసి మెరుగు పెట్టినట్టు తల ధగధగలాడుతోంది. మాస్టారు వెనక్కి తిరగలేకపోయారు. అప్పుడు బాల్కనీలోంచి చేతికర్ర నేలకి తాటించిన చప్పుడైంది. మళ్లీ ఒకసారి. ఆ తర్వాత ఆగకుండా. అమ్మగారు కొడుతున్నారంటే కొట్టాలి కాబోలని మేనేజరు తాడు వదిలేసి చప్పట్లు కొట్టాడు. హాలంతా అందుకుంది.

మిగతా కచేరీ ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. బాగానే అయిందని చెప్పుకున్నారు. ముగిశాక మేనేజరు వచ్చి, "అమ్మగారు మిమ్మల్ని ఒక్కర్నే రమ్మంటున్నారు," అన్నాడు. మళ్లీ రైలు వేళలు చదివే గొంతే. అందులోంచి మంచీ చెడూ ఏరడం ఎవరి తరమూ కాలేదు. విగ్గు జేబులో కుక్కుకుని, చెక్కపెట్టె పక్కనుంచి ఒత్తిగిలి, మాస్టారు మెట్లెక్కారు.

బాల్కనీ వెనక చిన్న గది. పెద్దావిడ దీపం దగ్గర కూర్చుని ఉంది.

"తలుపు వేసి రండి. వెలుగులో నిలబడి మాట్లాడండి. నాకు పెదాలు కనబడాలి," అంది.

మాస్టారు వెలుగులోకి వచ్చారు. "క్షమించండి అమ్మగారూ. ఆ పాట అన్నిసార్లు వాయించడం..."

"అన్నిసార్లు వాయించారా?" అంది పెద్దావిడ.

మాస్టారు వేళ్ల మీద లెక్క పెట్టబోయి మానేశారు.

"నాకు చెవులు వినబడవు," అంది ఆవిడ, బట్టల మూట దించినట్టు. "మీరు ఇక్కడ వాయించడం మొదలుపెట్టకముందే పోయాయి."

"మరి మా సంగీతం..."

"ఒక్కసారి కూడా వినలేదు. చాలా బాగుంటుంది."

మాస్టారు పక్కనున్న స్టూలు మీద కూర్చున్నారు. కూర్చోమని ఎవరూ అనలేదు.

"ఆ పాటలన్నీ నేను చెవులున్న రోజుల్లో విన్నవే," అంది పెద్దావిడ. "మీరు పాటలో ఎక్కడున్నారో తెలిస్తే చాలు, మిగతాది లోపల నాకు నేనే పాడుకుంటాను. ఎక్కడున్నారో మీ తల చెప్పేది. మీరు వెనక్కి తిరిగి నిలబడతారు కదా, లైటు పడి, తాళం దెబ్బ దెబ్బకీ ఊగుతూ మెరిసేది. దాన్ని పట్టుకుని ఆఖరి దాకా వెళ్లిపోయేదాన్ని. ఈమధ్య ఆ మెరుపు పోయింది. అంతా మసక. ఎక్కడున్నానో తెలిసేది కాదు. మీకు శ్రద్ధ తగ్గిందనుకున్నాను. మీరే అందనప్పుడు ఆ యంత్రమైనా ఒకటే కదా, పైగా చవక అన్నాడు మేనేజరు."

మాస్టారికి పౌడరు డబ్బా కళ్ల ముందు కదిలింది.

"ఇవాళైతే అసలు మీరే లేరు. ఎవరో జుట్టాయన వచ్చి నిలబడ్డాడు. పాపం తల పట్టుకునే ఉన్నాడు. అంత తలనొప్పితో ఎందుకు వచ్చాడా అనుకున్నాను. ఇక లేచిపోదామనుకుంటుంటే మీరు బయటపడ్డారు. సరిగ్గా కూత దగ్గర. నాకు మొత్తం వినిపించింది." ఆవిడ ఆయన జేబు వైపు వేలు చూపించింది. "ఆ జుట్టు ఎందుకండీ మీకు?"

"పోస్టరులో నా తల తీసేశారు కదండీ. మీకు నచ్చలేదేమోనని..."

"నేనా? హాలు పేరుకి చోటు చాల్లేదని ఆ అచ్చువాడు కోశాడు. పొద్దున చూసి వాణ్ణి చెడామడా తిట్టించాను. కోస్తే కింద కోసుకోవాలి, మీసం పోయినా ఫరవాలేదు, పైన ముట్టుకోకూడదని."

మాస్టారికి నవ్వు వచ్చింది. ఆ వెనకే కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. తన జీవితంలో ఇంత శ్రద్ధగా తన వాద్యం విన్న మనిషి ఇంకొకరు లేరని ఆయనకి అనిపించింది. అనిపించింది నిజమే కనుక నీళ్లు తుడుచుకోలేదు.

"నా చెవుల సంగతి ఈ తలుపు దాటకూడదు," అంది పెద్దావిడ. "పాటల హాలు నడిపేదానికి చెవుడు అంటే నలుగురూ నవ్వుతారు."

"దాటదండి. నవ్వుతారని దాచుకోవడం నాకూ అలవాటే."

"అయితే పెట్టె సోమవారం వెనక్కి పంపిస్తాను. ఒక్కటే షరతు. మీరు తలకి ఏమీ రాసుకోకూడదు."

మెట్ల కింద బృందమంతా గుమిగూడి ఉంది. వదినగారు తెగిన తీగని వేలికి చుట్టుకుంటూ ముందుకొచ్చింది.

"ఏమన్నారండీ?"

"మన సంగీతం చాలా బాగుంటుందన్నారు. మనం ఉంటున్నాం."

"ఇంకేం అన్నారు?"

"పౌడరు వద్దన్నారు."

ఆవిడ ఆయన మొహంలోకి కాసేపు చూసింది. ఇంకా అడగాల్సింది ఏదో ఉందని ఆవిడకి తెలుసు. కానీ అడగలేదు. జేబులోంచి వేలాడుతున్న యువరాజు జుట్టుని లోపలికి తోసి, "ఇంటికి పదండి," అంది.

సోమవారం చెక్కపెట్టె నడవా ఖాళీ చేసింది. మాస్టారు విగ్గు బావమరిదికి తిరిగిచ్చేసి, ఆ తర్వాత కచేరీకి నున్నటి తలతో లైటు కింద నిలబడ్డారు. పెద్దావిడ ఆఖరి పాట దాకా కదల్లేదు. బాబాయి మాత్రం ఆ రోజు నుంచి నల్ల కళ్లద్దాలు పెట్టుకుని వాయిస్తున్నాడు.